ఒక్కరే చదవవలసిన ఉత్తరం

“ఆ పొట్లం విప్పొద్దే హంసికా... పొద్దుట్నుంచీ నా కుడికన్ను అదురుతోంది. ఏదో కీడు జరగబోతోంది!”

“అమ్మా, నీ కన్ను ఎవ్రీడే అదురుతుంది. నిద్ర తక్కువైతే అంతే,” అంది హంసిక తల ఎత్తకుండానే.

అది అమావాస్య... ఆదివారం... మిట్టమధ్యాహ్నం! జెర్సీ సిటీలో ఆ ఇరవై ఏడో అంతస్తు కిటికీ బయట ఆకాశం కాటుక పులుముకుని ఉంది. హడ్సన్ నది మీద ఉరుములు దొర్లుతున్నాయి. అవతలి ఒడ్డున మన్‌హట్టన్ మేడలు ఒక్కొక్కటే కారుమేఘాల్లో మునిగిపోతుంటే త్రివేణికి లోకమే మునిగిపోతున్నట్టనిపించింది. ఆమెకు అన్నీ అలాగే అనిపిస్తాయి. కూతురు రైలెక్కితే పట్టాలు తప్పుతుందని, ఫోనెత్తకపోతే ఆస్పత్రిలో ఉందని. ఇరవై నాలుగేళ్ళుగా ఆ భయాల్లో ఒక్కటీ నిజం కాలేదు. ఈ రోజు వరకు...!

హంసికది పాత కాగితాలు చదివి జాబితా రాసే ఉద్యోగం. ఎవరో సంపన్నుల ఇంటి అటక మీద దొరికిన పెట్టెను పని కోసం ఇంటికి తెచ్చింది. నిండా పద్దెనిమిదో శతాబ్దపు ఉత్తరాలు. సముద్రానికి ఆ ఒడ్డున కొందరు, ఈ ఒడ్డున కొందరు విద్వాంసులు. ఒకరు పిడుగును పట్టే ఇనుప కడ్డీ సంగతి రాస్తే, మరొకరు పింగాణీకి పనికొచ్చే తెల్లమట్టిని చిటికెడు మడిచి పంపేవారు. అందుకున్నవాడు పరీక్షించి, ఫలితం రాసి, ఆ ఉత్తరాన్ని ఇంకో నలుగురికి చూపేవాడు. తెలిసింది పంచుకోవడమే వారి ధర్మం.

“కానీ ఒక్కడున్నాడమ్మా, ఎలయాస్ థోర్న్‌వెల్ అని. అందరి న్యూస్ అడుగుతాడు, తనది చెప్పడు. అతను పార్సిల్ పంపిన వాళ్ళెవ్వరూ మళ్ళీ లెటర్ రాయలేదు. సెవెన్ పీపుల్! సడన్‌గా సైలెంట్. ఇది ఎనిమిదోది. ఇంతవరకు ఎవ్వరూ ఓపెన్ చెయ్యలేదు!”

“ఏడుగురి నోళ్ళు పడిపోయాయంటూనే విప్పుతానంటావేమే? కనీసం నాన్నను రానీ!”

“నాన్న ఇర్వింగ్‌లో ఆఫీసు పని ముగించుకుని ట్యూస్‌డే వస్తారు. అప్పటిదాకా దీన్ని చూస్తూ కూర్చోనా?”

ఫట్...! లక్క ముద్ర విరిగింది. మైనం పట్టించిన గుడ్డ మడతల్లోంచి బొటనవేలంత పుర్రె బల్ల మీదికి దొర్లింది. నల్లటి మైనంతో చేసిన పుర్రె! నడినెత్తిన వెంట్రుకలాంటి వత్తి. గాలి సోకిందో లేదో ఆ వత్తి తనంత తానే భగ్గుమంది!

“వావ్! ఫాస్ఫరస్ కలిపినట్టున్నాడు!” హంసిక ముచ్చటపడి ముందుకు వంగింది. పచ్చని పొగ ఆమె ముక్కుపుటాల్లోకి పాములా జొరబడింది. చేతిలోని ఉత్తరం మీద చూపు నిలిపి, “అమ్మా... దీన్ని ఒక్కరే చదవాలట... ఎవరికీ చూపొద్దని...” అంటుండగానే ఆమె నాలుక కొయ్యబారింది. కనుపాపలు పైకి తేలిపోయాయి. ఉత్తరం జారి నేల మీద పడింది.

దిక్కులు పిక్కటిల్లేలా పిడుగు పడింది!

“హంసికా!”

ఆ లేత పెదవులు కదిలాయి. కానీ వచ్చిన గొంతు... సమాధిలోంచి రాళ్ళు దొర్లినట్టున్న పురుష కంఠం!

“అరవకు త్రివేణీ! నీ భాష కూడా నీ బిడ్డ బుర్రలోంచే తోడుకున్నాను. దాని చదువు, దాని జ్ఞాపకాలు... బొట్టు బొట్టుగా నాలోకి దిగుతున్నాయి. ఈ మైనం కరిగేలోగా అంతా నాదే! ఆ తర్వాత నీకు మిగిలేది వట్టి డొల్ల! హహ్హహ్హా...!”

పుర్రె నుదురు అప్పటికే కరిగి కళ్ళ మీదికి కారుతోంది. త్రివేణి చెంబెడు నీళ్ళు కుమ్మరించింది. మంట ఆరలేదు సరికదా, జానెడు పైకి లేచింది! తడిగుడ్డ కప్పింది. గుడ్డే కాలి బూడిదైంది.

“నీకేం కావాలిరా? నన్ను తీసుకో! నా బుర్ర తీసుకుని నా పిల్లను వదిలెయ్!”

“నీ బుర్రా?” క్షుద్రుడు థోర్న్‌వెల్ పకపకా నవ్వాడు. “పదో తరగతి కూడా గట్టెక్కని బుర్ర! అందులో భయాలు తప్ప ఏమున్నాయే?”

త్రివేణి కుప్పకూలి, నేల మీది ఉత్తరం అందుకుంది. అంతే... వాడి నవ్వు తెగిపోయింది.

“కిందపడెయ్! అది నీ కోసం రాసింది కాదు!”

వాడి గొంతులో వణుకు! జీవితమంతా భయంతోనే కాపురం చేసిన త్రివేణికి ఎదుటివాడి భయం పోల్చుకోవడం ఎంతసేపు? మంత్రం గుట్టుగా ఉంటేనే మంత్రం. పదిమంది చెవిన పడ్డ మంత్రం చచ్చిన పాము! ఆమె కాగితం కేసి చూసింది. గొలుసుకట్టు ఇంగ్లీషు... ఒక్క అక్షరం కొరుకుడు పడలేదు. దేవుడా! చదివేవాళ్ళేరీ...?

వంటగట్టు మీద ట్యాబ్లెట్‌లో ఆదివారం వీడియో పారాయణ నడుస్తోంది. నలభై ఇళ్ళ ఆడవాళ్ళు, అల్ఫారెట్టా నుంచి విజయశ్రీ చెప్పిస్తుంటే విష్ణు సహస్రనామం పలుకుతున్నారు. త్రివేణి పరుగెత్తి ఉత్తరాన్ని కెమెరా ముందు పెట్టి గొంతు చించుకుంది.

“చదవండి! పైకి చదవండి! నా బిడ్డ పోతోందమ్మా...!”

ఒక్కరూ పలకలేదు. పుర్రె ముక్కు కరిగిపోయింది. హంసిక దేహం కుర్చీలోంచి లేచి, వేళ్ళు కొక్కేల్లా వంచుకుని వంటింటి వైపు అడుగులేస్తోంది.

“త్రివేణి గారూ, మ్యూట్‌లో ఉన్నారండీ!” అంది విజయశ్రీ తాపీగా. “కింద ఎడమ పక్క నొక్కండి. ప్రతి వారం ఇదే గోల.”

వెనకనుంచి మంచులాంటి వేళ్ళు త్రివేణి కంఠాన్ని బిగించాయి. ఊపిరాడని ఆ క్షణంలో ఆమె బొటనవేలు తెర మీద తడుముకుంది... తగిలింది!

“చదవండి...! అందరూ పలకండి...! అడగొద్దు!”

తెర మీద తెల్లకళ్ళతో కనిపించిన ఆ పిల్లను చూసి విజయశ్రీ ఇంకేమీ అడగలేదు. ఆ గొలుసుకట్టు ఇంగ్లీషును కూడబలుక్కుని, మొదటి వాక్యం తెలుగులో చదివింది: “నీ తెలివి నాది.”

అలవాటుగా నలభై గొంతులు పలికాయి: “నీ తెలివి నాది!”

“ఆపండి!” క్షుద్రుడు పొలికేక పెట్టాడు. కంఠం మీద పట్టు సడలింది.

“నీ నాలుక నాది.”

“నీ నాలుక నాది!”

“ఈ గుట్టు నిలిచినంత కాలం నేను నిలిచి ఉంటాను.”

చివరి వాక్యం నలభై నోళ్ళ మీదుగా నలభై ఇళ్ళలో మార్మోగింది! పెట్టెలోని ఉత్తరాలు రెక్కలొచ్చినట్టు పైకి లేచి ఆ పచ్చని పొగను చుట్టుముట్టాయి. ఏడు కలాలు ఒక్కసారిగా గీస్తున్న చప్పుడు... రెండున్నర శతాబ్దాలుగా నొక్కిపెట్టిన ఏడుగురి జవాబులు! హంసిక నోటిలోంచి పొగ సుడులు తిరుగుతూ బయటికొచ్చింది. “చెప్పొద్దు... ఎవరికీ చెప్పొద్దు...!” అన్న ఆర్తనాదం సన్నగిల్లి, సన్నగిల్లి, గాలిలో కలిసిపోయింది. బల్ల మీద మిగిలిన మైనపు పుర్రె దవడ ముక్క ఠప్పున పేలి మసి అయింది.

హంసిక నేల మీద వాలిపోయింది.

“హంసికా... అమ్మడూ... నన్ను చూడవే.”

కళ్ళు తెరిచే ఉన్నాయి. కనుపాపలు మళ్ళీ చోటికి వచ్చాయి. కానీ ఆ చూపులో ఎవరూ లేరు.

“నీ పేరేంటి తల్లీ? నేనెవరినే? పోనీ, నాన్న పేరు చెప్పు... చక్రపాణి. అను. నోరు తెరిచి అనవే!”

వాన కిటికీని బాదుతోంది. తెర మీద నలభై ముఖాలు దగ్గరికి వంగాయి. ఎవరో వెక్కారు. కూతురి తల ఒళ్ళో పెట్టుకుని, ఆలస్యమైపోయిందా, డొల్లే మిగిలిందా అని త్రివేణి ఆ ముఖాన్ని మళ్ళీ మళ్ళీ తడుముతూనే ఉంది. ఐదు నిమిషాలు... పది... పావుగంట...

హంసిక పెదవి అదిరింది. చూపు మెల్లగా తల్లి భుజం మీదుగా తెర మీదికి పాకింది.

“అమ్మా... ఆంటీలందరూ చూస్తున్నారు... కెమెరా ఆపు, ప్లీజ్.”