కచ్చా కుట్టు

“టేబుల్ మీద ఏముంది?” చీఫ్ అడిగారు.

“ఏమీ లేదు సార్.”

“పోయినవారం దాకా ఉంది. మన ల్యాబ్ తయారుచేసిన బట్ట. ఒంటికి చుట్టుకుంటే హీట్ కెమెరాకి మనిషి కనపడడు. అది శత్రువు చేతికి చిక్కితే మన సరిహద్దు కెమెరాలన్నీ గుడ్డివే.”

ఏజెంట్ డేగ నిటారుగా కూర్చున్నాడు.

“ఫ్యాషన్ హౌస్ ముసుగులో ఉన్న ఒక ముఠా దాన్ని కొట్టేసి, కోటుకి లోపల లైనింగ్‌గా వేసింది. షోలో విదేశీ బయ్యర్ దాన్ని చెక్ చేసుకుని, తర్వాత పట్టుకుపోతాడు. వాడిది ఎంబసీ కారు. ఎక్కాడంటే మనం చెయ్యి వెయ్యలేం.”

“అంటే చెక్ చేశాక, కారెక్కేలోపు కాజెయ్యాలి.”

“నీకు కుట్టు వచ్చుగా?”

“మా అమ్మ నేర్పింది సార్.”

“ఆ కోటు వేసుకునే మోడల్ ఈవిడ.”

ఫొటో చూడగానే డేగ ముఖం మాడిపోయింది. మూడేళ్ళ క్రితం, తమ పెళ్ళికి ముందురోజు, అతని కాఫీలో మత్తుమందు కలిపి మాయమైన మహాతల్లి!

ఫిట్టింగ్ రూమ్‌లో కొత్త టైలర్ మెడలో టేపు వేలాడుతోంది. కళ్ళజోడులో హీట్ కెమెరా ఉంది. అందులోంచి చూస్తే ఆమె ముఖం, చేతులు ఎర్రగా వెలుగుతున్నాయి. మెడ నుంచి మోకాళ్ళ దాకా మనిషే లేదు. ఆ చేతుల్లేని పొడవాటి కోటే అది.

“అబ్బా! గుచ్చుకుంది.”

“గుచ్చాను.”

“ఇంకా మర్చిపోలేదన్నమాట,” ఆమె గొంతు తగ్గించింది.

“మర్చిపోయేంత మందు కలపలేదు నువ్వు.”

గుమ్మంలో కాపలావాడు తుపాకీ సర్దుకున్నాడు. “ఏంటక్కడ గొణుగుడు?”

“ఈ దద్దమ్మకి సూది పట్టుకోవడం రాదు!” ఆమె కసిరింది.

లైనింగ్ ముడతలు పడుతోందని వంక పెట్టి డేగ పాత కుట్లు విప్పేశాడు. వాటి స్థానంలో కచ్చా కుట్టు వేశాడు. ట్రయల్ కోసం టైలర్లు వేసే పెద్ద పెద్ద కుట్లు అవి. దారం కొస పట్టి లాగితే మొత్తం ఊడి వస్తుంది.

ఆమె వంగి చూసింది. “ఇవేం కుట్లు, బెత్తెడు బెత్తెడు?”

“ఈ సీజన్ ఫ్యాషన్.”

“ఏడిసినట్టుంది,” అంది గానీ, కాపలావాడికి చెప్పలేదు. ఆమెది మోడల్ వేషమే గానీ కుట్టు విద్య తెలియదని డేగ లోలోపల నవ్వుకున్నాడు.

షోలో బయ్యర్ ముందు వరుసలో కూర్చుని తన కళ్ళజోడులోంచి కోటు చూశాడు. తృప్తిగా తల ఊపాడు. షో అవగానే వెనక గుమ్మం దగ్గరికి వచ్చి, ఆమె భుజాల మీది కోటుకి చేయి చాచాడు. కారు ఇంజన్ ఆన్‌లోనే ఉంది.

“సార్, దారం వేలాడుతోంది! మా పరువు పోతుంది!” అంటూ టైలర్ గుడ్డపీలికల సంచితో పరుగెత్తుకొచ్చి ఆమె వెనక మోకరిల్లాడు. దారం కొస పట్టుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ నేర్పిన అలవాటు కొద్దీ చివర ముడి వేశాడు. ముడి ఉంటే దారం కదలదు. కాపలావాడి చెయ్యి డేగ భుజం మీద పడింది.

ఫెడీమని చెంప పగిలింది. కొట్టింది ఆమె.

“వారం నుంచీ నన్ను జల్లెడ చేశాడు ఈ దరిద్రుడు!”

బయ్యర్ పకపకా నవ్వాడు. కాపలావాడూ నవ్వాడు. డేగ తెగించి లాగాడు. దారం సర్రున వచ్చేసింది. లైనింగ్ జారి సంచిలో పడింది. బయ్యర్ ఉత్త డొల్ల కోటు మడిచి చంకన పెట్టుకుని కారెక్కాడు.

చీఫ్ గదిలో డేగ కుర్చీలో ఆమె కూర్చుని ఉంది.

“మన ఏజెంటే. మూడేళ్ళుగా ఆ ముఠాలో ఉంది,” అన్నారు చీఫ్.

“నాకెందుకు చెప్పలేదు సార్?” డేగ మండిపడ్డాడు.

“చెబితే అంత కసిగా గుచ్చేవాడివా? ఆ కసి చూసే మీరిద్దరూ ఒకటని వాళ్ళకి అనుమానం రాలేదు.”

ఆమె టేబుల్ మీద చిన్న దారపు ముడి పెట్టింది. “లాగాల్సిన కొసకి ఎవడైనా ముడి వేస్తాడా? గోళ్ళ కత్తెరతో నేనే కత్తిరించా.”

డేగ చెంప తడుముకున్నాడు. మూడేళ్ళ కోపం కరగడం మొదలైంది. ఆశగా అడిగాడు: “అయితే ఆ రోజు కాఫీ కూడా... మీ ఆర్డరేనా సార్?”

చీఫ్ ఫైల్లోకి తల దూర్చారు.

“కాదు,” అంది ఆమె. “అది నా సొంత నిర్ణయం. ఇవాళ్టి చెంపదెబ్బ కూడా.”