గంటకు రెండు డిగ్రీలు

కన్నతల్లి చావుబతుకుల్లో ఉంటే ఫణిశ్రీ గాజుగొట్టంలో రాయిని పెంచుకుంటూ కూర్చుంది. నాలుగేళ్లుగా కూతురి గురించి దుర్గారావు అందరికీ చెబుతున్నది అదే. ఎవరూ కాదనలేదు.

ఆ ఉదయం గుఢియారీ ఇంట్లో ఆయన చాయ్ వడగడుతుంటే, కూతురు బెంగళూరు నుంచి నాలుగు పెట్టెలతో దిగింది. స్టేషన్ నుంచి తీసుకొచ్చిన ఆయన మరదలు త్రివేణి వెనకే ఉంది.

"ఇన్ని పెట్టెలేటి?"

"పరిశోధన మానేస్తున్నా నాన్నా. రాజీనామా రాసేశా, సోమవారం పంపుతా. ఇక్కడే తెలీబంధాలో కోచింగ్ చెప్పుకుంటూ నీ దగ్గరే ఉంటా."

"ఏం? రాయి పెరగడం అయిపోయిందా?"

ఫణిశ్రీ ఒక పెట్టెను గోడవారకు జరిపింది. పన్నెండేళ్లుగా ఆమె పని, ఆయన రాళ్లనే ఆ స్ఫటికాలతోనే. వాటి లోపల కరెంటు పారదు, పైపొర మీద మాత్రం పారుతుంది. ముడిసరుకును గాజుగొట్టంలో మూసి, కొలిమిలో కరిగించి, గంటకు రెండు డిగ్రీల చొప్పున చల్లార్చాలి. మధ్యలో తీస్తే ఎందుకూ పనికిరావు. సిల్తారా కార్ఖానాలో పాతికేళ్లు స్పాంజ్ ఐరన్ భట్టీ, అంటే ఇనుప కొలిమి, నడిపిన దుర్గారావుకి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

త్రివేణి పెట్టె ధబ్బున దించింది.

"బస్, ఇక చాలు బావా! అక్కని చేర్చిన రోజు ఆస్పత్రి వరండాలో నీ పక్కనే ఉన్నాను. పిల్ల ఏడుస్తూ ఫోన్ చేస్తే ఏటన్నావు? 'అమ్మకి ఉత్త జ్వరమే. నడుస్తున్న భట్టీ వదిలొచ్చేవాడు పనివాడే కాదు. దింపాకే రా' అనలేదూ?"

"నేనా?"

"కాదు, చౌక్‌లో హనుమాన్‌జీ!"

"పిన్నీ, చెప్పొద్దన్నానా..."

"నువ్వు నోరు మూసుకున్నావు గనకే ఈయన ఊరంతా చాటింపు వేశాడు."

దుర్గారావు మంచం మీద కూలబడ్డాడు. ఆ మాట అన్నాడు. మర్నాడు తెల్లారేసరికి భార్య సుభద్ర పోయింది. తప్పు మోయలేక కూతురి నెత్తిన పెట్టాడు. పెట్టి పెట్టి, అదే నిజమని తానూ నమ్మాడు.

"నువ్వెందుకు చెప్పలేదే?"

"అప్పటికే అమ్మ లేదు. చెబితే నువ్వూ మిగలవనుకున్నా."

భార్య పోయిన రోజున కూడా రాని ఏడుపు ఆయనకు ఇప్పుడు వచ్చింది. కూతురు తల్లిని కాదనుకోలేదు. నాలుగేళ్లుగా గుండెల మీదున్న బండ దిగిపోయింది.

"ఇప్పుడు నీ కొలిమిలో ఏముంది?" అన్నాడు కళ్లు తుడుచుకుని.

"ఏమీ లేదు. ఖాళీ."

"అయితే ఆ రాజీనామా కాగితం చింపెయ్. నాలుగు రోజులుండి, వెళ్లి వెలిగించుకో."

ఫణిశ్రీ ఏడుస్తూనే నవ్వింది.

"మరి జనానికి ఏటి చెబుతావు?" అంది త్రివేణి.

"రావద్దన్నది నేనేనని ఇవాళే ఇంటింటికీ వెళ్లి చెబుతా. ఆ తర్వాత చచ్చేదాకా ఆ మాట ఎత్తను. మీరూ ఎత్తకండి."