తెరిస్తే చెల్లదు

వాళ్లిద్దరి పరిచయం ఒక నీళ్ల పంపు దగ్గర, అదీ గొడవతో మొదలైంది.

ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. మెషీన్స్ ల్యాబ్‌లో మూలనున్న పంపు ఆ రోజు ఎందుకో గరగరమంటోంది. మనవాడు స్క్రూడ్రైవర్ మొన పంపుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. యంత్రం లోపలి చప్పుడు వినడానికి పాత మెకానిక్కులు చేసే పని అది. నిమిషంసేపు విని, బేరింగ్ పోయిందని తేల్చేశాడు.

"మందులు కూడా రాసిస్తావా డాక్టర్?" అంది ఆ రోజే ఆ బ్యాచ్‌లోకి మారిన అమ్మాయి.

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. అతనికి ఒళ్లు మండింది. ఆమె వచ్చి పది నిమిషాలు కాలేదు, అప్పుడే మీటర్ ఎవరు చూడాలో, రీడింగులు ఎవరు రాయాలో, చివరికి టీ ఎవరు తేవాలో కూడా పంచిపెట్టేసింది.

"నువ్వెవరు, మా మేనేజర్‌వా?" అన్నాడు.

మాస్టారు వచ్చేలోపు ఇద్దరూ పావుగంట వాదించుకున్నారు. ఈలోగా పంపు దిమ్మ మీద ఆమె పెట్టిన టీ గ్లాసు దానంతటదే జరుగుతూ జరుగుతూ అంచు దాకా వచ్చింది. వంగి చూస్తే దిమ్మ బోల్టు ఒకటి వదులు. దాన్ని బిగించగానే పంపు నోరు మూసుకుంది. బేరింగ్ నిక్షేపంగా ఉంది. ఆ రోజు నుంచి కాలేజీ మొత్తానికి అతను డాక్టర్, ఆమె మేనేజర్. అసలు పేర్లు అటెండెన్స్ పిలిచేటప్పుడు తప్ప వినపడలేదు.

తర్వాత రెండేళ్లు వాళ్లు పోట్లాడుకోని రోజు లేదు, మాట్లాడుకోని రోజు అసలే లేదు. వాన పడితే బస్టాప్‌లో కారే రేకుల కింద ఒకే గొడుగు గురించి వాదులాడుకునేవాళ్లు. గొడుగు ఆమెది. పట్టుకోవడం అతని పని. బస్సు ఎంత ఆలస్యమైతే అతనికి అంత బాగుండేది. ఆ సంగతి పైకి మాత్రం అనేవాడు కాదు, పైగా బస్సుల వాళ్లను తిట్టేవాడు.

ఫైనలియర్‌కొచ్చేసరికి అందరి నోటా ఒకటే ప్రశ్న, తర్వాతేంటని. మేనేజర్‌కు అనుమానమే లేదు. పదిమందిని ఒక పనిలో కూర్చోబెట్టడమంటే ఆమెకు ప్రాణం. విదేశంలో ఎం.బి.ఏ. అని ఎప్పుడో తీర్మానించుకుంది, కాలేజీ కూడా ఎంచుకుంది. నిజానికి డాక్టర్‌కూ అనుమానం ఉండకూడదు. యంత్రాల కంపనాల మీద పనిచేసే ఒక విదేశీ ల్యాబ్‌కు మాస్టారు స్వయంగా ఉత్తరం రాశారు. ఎం.ఎస్. సీటు దాదాపు చేతిలో ఉన్నట్టే.

అయినా మనవాడు ఎం.బి.ఏ.కు కూడా దరఖాస్తు తయారుచేయడం మొదలుపెట్టాడు. అదీ ఆమె వెళ్లాలనుకుంటున్న కాలేజీకే.

ఎందుకని ఎవరడిగినా అక్కను చేసుకున్న బావ మాటలు అప్పజెప్పేవాడు. ఎన్నాళ్లని చేతులకు గ్రీజు పూసుకుంటావు, చల్లటి గదిలో కూర్చునే చదువు చదువుకో అని బావ అన్నమాట నిజమే. కానీ అసలు కారణం బావకు కూడా తెలియదు. ఆమె లేని ఊళ్లో రెండేళ్లు ఎలా ఉండాలో అతనికి ఊహకు అందలేదు, అంతే.

ఒక మధ్యాహ్నం లైబ్రరీలో, దరఖాస్తులకు జతచేయాల్సిన తన వ్యాసాలు రెండూ ఆమె ముందు పెట్టాడు. బయట జోరుగా వాన. ఆమె ఎం.బి.ఏ. వ్యాసం చదివి పెన్సిల్‌తో ఏవో లెక్కపెట్టింది.

"రెండు పేజీల్లో లీడర్‌షిప్ అని పదకొండు సార్లు రాశావు. పంపు గురించి ఒక్క ముక్క లేదు. ఎవరు రాశారిది?"

"నేనే."

ఆమె నమ్మనట్టు చూసి ఎం.ఎస్. వ్యాసం తీసుకుంది. అందులో మొదటి పేరా నిండా స్క్రూడ్రైవరూ, బేరింగూ, చివరికి టీ గ్లాసు చేతిలో ఓడిపోవడమూ ఉన్నాయి. చదువుతూ ఆమె పెదాలు బిగబట్టుకుంది, నవ్వు రాకుండా.

"ఇది నువ్వు," అంది. "మరి ఎం.బి.ఏ. ఎందుకు? నిజం చెప్పు."

నిజం నాలుక చివరనే ఉంది. కిటికీ అద్దం మీద జారుతున్న నీళ్లను చూస్తూ, బావ చెయ్యమన్నాడన్నాడు. ఆమె కాగితాలు సర్ది ఇచ్చేసింది.

అప్పట్లో దరఖాస్తులన్నీ కాగితాల మీదే. ఆ కాలేజీవాళ్లు మాస్టార్ల సిఫార్సుతోపాటు, కలిసి పనిచేసిన తోటివారి అభిప్రాయం కూడా అడిగేవాళ్లు. ఫారం నింపి, కవర్లో పెట్టి, అంటించి, అంటించిన చోట అడ్డంగా సంతకం పెట్టాలి. ఆ ఫారం అతను ఆమెకే ఇచ్చాడు. ఇంకెవరికిస్తాడు?

నాలుగు రోజుల తర్వాత ఆమె కవరు అతని చేతిలో పెట్టింది.

"తెరవకు. తెరిస్తే చెల్లదు," అంది. అని ఎందుకో నవ్వింది.

హాస్టల్లో అలాంటి కవర్లను ఆవిరి పట్టి తెరవని మహానుభావుడు లేడు. మనవాడు మాత్రం దాన్ని వెలుతురుకు ఎత్తి కూడా చూడలేదు.

దరఖాస్తు ఆఖరు తేదీకి రెండు రోజుల ముందు ల్యాబ్‌కు వెళ్లి పంపు ఆన్ చేశాడు. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. లోపల అంతా సవ్యంగా తిరుగుతోంది. ఆ చప్పుడు వింటుంటే అతని మనసు కుదుటపడింది. ఆమె కోసం ఆ చదువులో చేరితే ఆ పదకొండు లీడర్‌షిప్‌ల అబద్ధాన్ని రోజూ ఆమె ఎదుటే మొయ్యాలి. ఆమె రెండు పేజీలకే పట్టేసింది, రెండేళ్లు ఎలా దాస్తాడు?

మర్నాడు వరండాలో ఆమెకు చెప్పాడు, ఎం.ఎస్.కే వెళ్తున్నానని.

"మంచి పని చేశావు," అంది. "మరి నా కవరు?"

"ఇక దాంతో పనేముంది?" అన్నాడు.

ఆమె ముఖంలో ఏదో ఆరిపోయింది. అవునులే అని పుస్తకాలు గుండెకు హత్తుకుని వెళ్లిపోయింది. తన నిర్ణయానికే ఆమె నొచ్చుకుందనుకున్నాడు మన డాక్టర్. యంత్రాలకు తప్ప ఇంకెవరికీ పనికొచ్చే డాక్టర్ కాదు మరి.

ఇద్దరూ చెరో దేశానికి వెళ్లారు. మొదట వారానికో మెయిల్, తర్వాత పుట్టినరోజుకో మెయిల్, తర్వాత అదీ లేదు. ఆ కవరును పారేయడానికి అతనికి చేతులు రాలేదు. సర్టిఫికెట్ల ఫైల్లో అడుగున పడుకుని, అతనితోపాటు నాలుగు ఇళ్లు మారింది.

తొమ్మిదేళ్లు గడిచాయి. తిరిగొచ్చి, అక్కావాళ్ల మేడ మీద వాటాలో ఉంటూ, యంత్రాల జబ్బులు కనిపెట్టే ఒక కంపెనీలో పనిచేస్తున్నాడు. ఒకరోజు కాగితం మిల్లు నుంచి కబురొచ్చింది, పెద్ద పంపు ఊగిపోతోందని. పెట్టె సర్దుకుని వెళ్లాడు. షెడ్డులోకి అడుగుపెట్టగానే ముందు కనిపించింది పంపు దిమ్మ మీద పెట్టిన టీ కప్పు. ఆ తర్వాత, దాన్ని గమనిస్తూ నిలబడ్డ మేనేజర్.

ఈసారి నిజంగానే మేనేజర్. కళ్లజోడు కొత్తది, చూపు పాతదే.

"రండి," అంది, పక్కన పనివాళ్లున్నారు కాబట్టి. "బోల్టులన్నీ చూశాం. బిగువుగానే ఉన్నాయి."

"అయితే బేరింగేనండి," అన్నాడు. చేతిలో ఖరీదైన మీటరున్నా, ముందు స్క్రూడ్రైవరే చెవికి పెట్టుకున్నాడు. ఈసారి అతనే గెలిచాడు.

పనివాళ్లు సామాన్ల కోసం వెళ్లారు. షెడ్డులో ఇద్దరే మిగిలారు. కాసేపు మాస్టారి గురించీ, గొడుగు గురించీ మాట్లాడుకున్నారు. పెళ్లి మాటొస్తే తీరిక లేదందామె. కుదరలేదన్నాడతను. తర్వాత ఆమె పంపు వంక చూస్తూ మెల్లగా అడిగింది.

"ఒక్కటి చెప్పు. ఆ కవరు చదివి కూడా అంత తేలిగ్గా పనేముందని ఎలా అన్నావు?"

"చదవడమేంటి? నేను సీలే తియ్యలేదు."

ఆమె కళ్లజోడు తీసి అతని వంక చూసింది. ఎక్కడుందది అనబోయేలోపు పనివాళ్లు వచ్చేశారు.

"రేపు పంపు టెస్టుకు వచ్చేటప్పుడు," అంది కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "ఆ పాత రిపోర్టు కూడా తీసుకురండి."

సాయంత్రం అతను బీరువా తలకిందులు చేస్తుంటే అక్క పైకొచ్చి సంగతేంటంది. చెప్పాడు. అక్క మంచం మీద కూలబడిపోయింది.

"ఇన్నేళ్లుగా నీకు సంబంధాలు చూసి నా చెప్పులరిగాయిరా. నాకిచ్చుంటే ఆ రోజే చించి చదివేదాన్ని కదా. రేపు దాన్ని తెరవకుండా ఇంటికొచ్చావంటే తలుపు తియ్యను."

మర్నాడు ఉదయం పంపు నిశ్శబ్దంగా తిరిగింది. ఆమె గదిలో బల్ల మీద కవరు పెట్టాడు. అడ్డంగా పెట్టిన సంతకం సిరా వెలిసిపోయింది. ఆమె దాన్ని తిప్పి చూసి, చెక్కుచెదరని అంచును వేలితో తడిమింది.

"తెరుస్తావనే ఇచ్చాను. అందరూ తెరుస్తారు కదా," అంది. "చదివేసి, నా మనసు నొప్పించకుండా తప్పించుకున్నావనుకున్నాను ఇన్నాళ్లూ."

అతనికి ఆ వరండా, ఆ ముఖం గుర్తొచ్చాయి. స్క్రూడ్రైవర్ తీసి, కవరు అంచు జాగ్రత్తగా విప్పాడు.

ఫారమంతా ఇంగ్లీషులోనే ఉంది. పనితనం, చాలా బాగుంది. ఓర్పు, యంత్రాలతో ఎక్కువ, మనుషులతో అప్పుడప్పుడు. చివరి ప్రశ్న, ఈ వ్యక్తితో మళ్లీ కలిసి పనిచేయాలనుకుంటున్నారా అని. అక్కడ అవునని గానీ కాదని గానీ లేదు. కింద మాత్రం, గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఒక్క వాక్యం ఉంది.

పని ఒక్కటే అయితే నాకు చాలదు.

అతను రెండుసార్లు చదివాడు.

"నువ్వు అక్కడికి పంపినా వాళ్లెవరూ చదవలేరని ధైర్యం," అంది ఆమె. "చదవాల్సినవాడు ఇంత బుద్ధిమంతుడనుకోలేదు."

"ఎం.బి.ఏ. ఎందుకని అడిగావు కదా ఆ రోజు," అన్నాడు. "బావ చెయ్యమన్నాడన్నది అబద్ధం. నువ్వు వెళ్తున్నావని. నాకు నువ్వు కావాలి. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే."

ఆమె కళ్లు చెమర్చాయి. అయినా మేనేజర్ మేనేజరే.

"చదువు సరిగ్గానే ఎంచుకున్నావు. చెప్పాల్సింది చెప్పలేదు, అంతే."

"సీలు తీసేశాను మరి. ఇక చెల్లదేమో?"

ఆమె ఫారం తన వైపు తిప్పుకుంది. పెన్ను తీసి, ఆ వాక్యం కింద ఇంకోసారి సంతకం పెట్టి, ఆ రోజు తేదీ వేసి, అతని ముందుకు జరిపింది.

"ఇప్పుడు చెల్లుతుంది," అంది.