మార్షల్ అడగని రోజు

ఒకప్పుడు మార్షల్ టెంబార్‌కు పళ్ళ డాక్టర్‌గా పనిచేసినవాడు బుధవారం లిస్బన్‌లో లిఫ్ట్ గుంతలో పడి చచ్చాడు. మార్షల్ పాత డ్రైవర్ శుక్రవారం నైరోబీలో టీ తాగుతూ చచ్చాడు. శనివారం ఉదయం బహదూర్‌పల్లిలో, బోర్డు లేని ఆఫీసులో, చీఫ్ హేమచంద్ మూడో ఫోటోను బల్ల మీద పెట్టాడు.

"సాక్షుల్లో మిగిలింది ఇతనొక్కడే. మొగులయ్య. డెబ్బై ఆరేళ్ళు. లాల్‌గడి మలక్‌పేట్."

ఏజెంట్ రాఘవేందర్ ఫోటో చూశాడు. తెల్లగడ్డం, భుజాన తువ్వాలు.

"టెంబార్ ఎవరు సార్?"

"జరంగా దీవిని పద్దెనిమిదేళ్ళు ఏలినవాడు. రైల్వే గేటు కాపలావాడి కొడుకు. సైన్యంలో చేరి, సొంత కమాండర్ని కాల్చి కుర్చీ ఎక్కాడు. ఎనభై మూడులో ఒక డిన్నర్‌లో విషం తిని పదకొండు మంది జనరల్స్ చచ్చారు. విదేశీ కుట్ర అన్నాడు. వాళ్ళకు స్మారకం కట్టించి దాని ముందు ఏడ్చాడు."

"ఇప్పుడేంటి?"

"వాడు పోయి ముప్పై ఏళ్ళు. సోమవారం కొడుకు ప్రెసిడెంట్‌గా ప్రమాణం చేస్తున్నాడు. తండ్రే హంతకుడని ఇవాళ ట్రిబ్యునల్‌లో సాక్ష్యం పడితే ప్రమాణం ఆగుతుంది. మొగులయ్య మార్షల్ వంటవాడు. మూడింటికి వీడియో లింక్. అప్పటిదాకా బతికుంచు."

"లోపల ఎవరున్నారు?"

"మన హరిచందన. మూడు రోజులుగా."

"ఆవిడ మీద నిఘాకు ఎవరున్నారు?"

చీఫ్ నవ్వలేదు. "కోడ్ రాసుకో. నువ్వు 'రూటర్ ఎక్కడ?' అంటావు. ఆమె 'దేవుడి గదిలో' అంటుంది."

ఇంటర్నెట్ టెక్నీషియన్ టోపీ, బండి మీద నిచ్చెన, భుజాన కేబుల్ చుట్ట. రాఘవేందర్ శామీర్‌పేట్ దాటి, ప్లాట్లే తప్ప ఇళ్ళు లేని కొత్త లేఅవుట్‌లోకి తిరిగాడు. గేటు దగ్గర వాచ్‌మన్ అతన్ని చూసి ఫోన్ తీశాడు. వాటర్ ట్యాంకర్ ఒకటి అవసరానికి మించి ఆగి ఉంది. ఇద్దర్నీ గుర్తుపెట్టుకున్నాడు.

తలుపు తీసిన మనిషి ఆకుపచ్చ పట్టు కుర్తాలో ఉంది. అలాంటి మనిషిని ఆ వీధిలో ఎవరూ మర్చిపోరు. గూఢచారికి అది మంచి లక్షణం కాదు.

"రూటర్ ఎక్కడ మేడమ్?"

"దేవుడి గదిలో. రండి, టీ తాగుతారా?"

అతను వద్దన్నాడు. హరిచందన ఫ్లాస్కులోంచి పాల టీ వంపుకుని తాగింది. మళ్ళీ వంపుకుంది.

మొగులయ్య ల్యాప్‌టాప్ ముందు గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"మార్షల్ ఎట్లాంటోడు కాకా?" రాఘవేందర్ వైర్లు చూస్తున్నట్టు అడిగాడు.

"మస్తు భయస్తుడు బిడ్డా. ఏడు మంచాలు. ఏ దాని మీద పండుతడో పెండ్లానికి గూడ ఎర్కలే. మంగలోన్ని నమ్మకపోయెటోడు, గడ్డం ఆయనే గీసుకునెటోడు. కుక్క సస్తే మూడొద్దులు ఏడ్సిండు. మనుషులు సస్తే పేరు సుత అడగలే."

"నిన్ను నమ్మిండు గద?"

"నన్నా? నా గొంతును నమ్మిండు. నా కాడ ఒక్కటే తెలుగు మాట నేర్సుకుండు. 'తిన్నవా?' ఆయన పళ్ళెంల నేనే ముందుగాల తినాలె, పూటపూటకు అడిగెటోడు. నేను ముద్ద మింగెదాక గిక్కడ సూసెటోడు." మొగులయ్య తన గొంతు ముడి మీద వేలు పెట్టి చూపించాడు. "మొకం దిక్కు సూడకపోయెటోడు."

తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"దేశమొచ్చినంక మా ఇంటామె సాలమ్మ అడిగేది, తిన్నవా అని. నాకు శెమటలు వట్టేటియి. ఓనాడు పళ్ళెం ఇసిరికొట్టిన. ముప్పై ఏండ్లు అడిగింది, ఒక్కపారి జవాబియ్యలే. పోయిన వానకాలం సచ్చిపోయింది. ఇగ అడిగేటోళ్ళు లేరు."

రాఘవేందర్ మళ్ళీ వైర్ల వైపు తిరిగాడు. ఓదార్పుతో తిరిగొచ్చేది ఏదీ లేదు.

రెండూ యాభైకి హరిచందన పళ్ళెం తెచ్చింది. జొన్న రొట్టె, పచ్చిపులుసు, గ్లాసు నిండా మజ్జిగ. పర్సులోంచి వెండి డబ్బా తీసింది. అందులో కాగితం స్ట్రిప్పులు.

"విషముంటే ఎర్రబడతాయి," అంటూ ఒక్కొక్కదానిలో ముంచింది. అన్నీ తెల్లగానే ఉన్నాయి. "ఆల్ క్లియర్."

మొగులయ్య రొట్టె తుంచి పక్కన పెట్టాడు. హరిచందన అతని ముందు కూర్చుంది.

"తిన్నారా బాబాయిగారూ? పోనీ మజ్జిగైనా తాగండి. మాట్లాడాలి కదా."

ముసలాయన గ్లాసు ఎత్తాడు. పెదవుల దాకా తెచ్చి ఆగాడు. కింద పెట్టాడు.

"నువ్వు తాగు బిడ్డా ముందుగాల."

ఆమె నవ్వింది. "నాకు పాలూ పెరుగూ పడవండీ."

రాఘవేందర్ ఫ్లాస్కు వైపు చూశాడు. రెండు కప్పుల పాల టీ. తర్వాత వెండి డబ్బా వైపు చూశాడు. అది తమ ఆఫీసు ఇచ్చింది కాదు. ఆమె పర్సులోంచి వచ్చింది.

అతని చూపు ఆమెకు అర్థమైంది. చెయ్యి మళ్ళీ పర్సులోకి పోయింది. ఈసారి వచ్చింది పిస్టల్. రాఘవేందర్ విసిరిన కేబుల్ చుట్ట ఆమె మణికట్టు మీద పడింది. పిస్టల్ ఫ్రిజ్ కిందికి జారింది. అదే కేబుల్‌తో రాఘవేందర్ ఆమె చేతులు వెనక్కి విరిచి కట్టేశాడు.

"ఎవరి మనిషివి?"

"సోమవారం దాకా ఇద్దరి మనిషిని. మీకూ, మార్షల్ కొడుక్కీ."

"ఎట్ల గుర్తువట్టినవ్ కాకా?"

"తిన్నవా అని అడిగేటోళ్ళు పళ్ళెం సూస్తరు. లేకుంటే మొకం సూస్తరు. గీ పిల్ల గొంతు సూసింది."

స్క్రీన్ వెలిగింది. సరిగ్గా మూడు. నెరిసిన జుట్టు జడ్జి ఏదో అడిగింది. దుబాసీ తెలుగులో చెప్పాడు: "ఆ విందు రోజు మార్షల్ మీతో ఏమన్నారు?"

"ఏమనలే. పచ్చిపులుసు నేనే జేసిన. ఆయనకు మస్తు ఇష్టం. వంటింట్లకొచ్చిండు. నన్ను బయటికి పొమ్మన్నడు. జెరసేపటికి ఎల్లిపోయిండు. పదిహేనేండ్లల్ల గా ఒక్కనాడే, తిన్నవా అని అడగలే."

"ఎందుకు అడగలేదో మీకు అర్థమైందా?"

"అయింది."

"మరి?"

"పదకొండు గిన్నెలు గీ చేతులతోనే ఇచ్చిన. నోరు మూసుకున్న."

జడ్జి చాలాసేపు రాసుకుంది. ఆయన్ని ఎవరూ క్షమించలేదు. ఆయనా అడగలేదు.

హరిచందనను ఆఫీసు మనుషులకు అప్పగించి, నాలుగింటికి రాఘవేందర్ గేటు దాటాడు. వాచ్‌మన్ ఫోన్‌లో క్రికెట్ నడుస్తోంది. ట్యాంకర్ డ్రైవర్ స్టీరింగ్ మీద వాలి నిద్రపోతున్నాడు. జేబులో ఫోన్ మోగింది. చీఫ్ హేమచంద్.

"శభాష్. ప్రమాణం ఆగిపోయిందట. అన్నట్టు, భోజనం చేశావా?"

రాఘవేందర్ బండి ఆపి ఫోన్‌ను ఓసారి తేరిపార చూశాడు.

"ఎందుకడుగుతున్నారు సార్?"