మట్టి ఇవ్వని కొడుకు

పొద్దున ఆరింటి విమానం శంషాబాద్ ఇళ్ల మీదుగా మోత పెట్టుకుంటూ దిగేసరికి సుఘ్రా దాల్చాకు సొరకాయ తరగడం పూర్తిచేసింది. అత్తగారు పోయి ఆ రోజుకు నలభై రోజులు. మధ్యాహ్నం ఇంట్లో ఆమె పేరిట ఫాతెహా ప్రార్థన. సాయంత్రం మగవాళ్లు పహాడీ షరీఫ్ దారిలోని ఖబ్రస్తాన్‌కు వెళ్లాలి. కింది వాటాలో తోడికోడలు ఆమ్నా గిన్నెలు ఎత్తి కుదేస్తున్న చప్పుడు పైకి వినిపిస్తోంది. అందులో పని కంటే కోపమే ఎక్కువని సుఘ్రాకు తెలుసు.

ఆ కోపం న్యాయమైనది కావడమే సుఘ్రా బాధ. ఖననం నాడు పెద్దకొడుకు ఉబేద్ తల్లి సమాధిలో మూడు పిడికిళ్ల మట్టి వేశాడు. చుట్టాలందరూ వేశారు. వీధి చివర పాలబూత్ రాఘవేందర్ కూడా చెప్పులు విడిచి వచ్చి వేశాడు. చిన్నకొడుకు, సుఘ్రా భర్త షుజాత్ మాత్రం మట్టి చేతిలోకి తీసుకుని, దాన్నే చూస్తూ నిలబడి, కింద పారబోసి, వచ్చిన దారిన పరుగెత్తాడు. తల్లికి మట్టి ఇవ్వని కొడుకన్న మాట మైలార్‌దేవ్‌పల్లి చుట్టాల దాకా పాకిపోయింది. ఎందుకలా చేశావని ఎందరు అడిగినా అతను నోరు విప్పలేదు.

షుజాత్ ఆరేళ్లు ఆఫ్రికాలో ఒక చిన్న దేశపు వజ్రాల గనిలో పొక్లెయిన్ నడిపి, కిందటేడు తిరిగొచ్చాడు. ఇప్పుడు విమానాశ్రయం దగ్గర క్యాబ్ తోలుతున్నాడు. మంఖాల్‌లో వెంచర్ వేస్తున్నవాళ్లు పొక్లెయిన్ నడపమని ఇంటికొచ్చి బతిమాలినా ససేమిరా అన్నాడు. పెరట్లో ఒట్టి నేల మీద కాలు పెట్టడు, సిమెంటు పలకల మీదుగానే నడుస్తాడు. పుదీనా కుండీకి నీళ్లు పొయ్యమంటే దూరం నుంచి చెంబుతో విసురుతాడు. రోజుకు పదిసార్లు కుళాయి దగ్గర నిలబడి గోళ్ల సందులు తోముకుంటాడు. అన్నిటికన్నా భయపెట్టేది ఒకటుంది. అన్నం తింటూ తింటూ ఆగి, ఎవరూ లేని గడప వైపు చూసి, నెమ్మదిగా సలాం చెబుతాడు. ఏదో సోకిందని సుఘ్రా దర్గా నుంచి తాయెత్తు తెచ్చింది. బుద్ధిగా కట్టించుకున్నాడు గానీ ఆ సలాం మానలేదు.

సుఘ్రా సొరకాయ ముక్కలు కడుగుతూ, షుజాత్ గోడ పక్కన నిలబడి ఉండగా ఉబేద్ మెట్లెక్కి పైకొచ్చాడు. హైవే మీద టైర్ల దుకాణం నడిపే మనిషి, గొంతు ఎప్పుడూ పెద్దదే. ఆ రోజు మాత్రం తగ్గించి మాట్లాడాడు. అందుకే సుఘ్రాకు ఎక్కువ భయమేసింది.

"షుజాత్, సాయంత్రం నువ్వు ఖబ్రస్తాన్‌కు రాకు."

"సరే భాయీజాన్."

"సరే అంటవా? ఎందుకని గూడ అడగవా?" ఉబేద్ కళ్లు ఎర్రబడ్డాయి. "అమ్మీ ఆరేండ్లు నీ ఫోను కోసం చూసుకుంట కూసున్నది. ఆమెకు మూడు పిడికిళ్ల మట్టి బరువైందా నీకు? ఇగ నాతోని గాదు. రేపటి సంది నీ పొయ్యి నీది, నా పొయ్యి నాది. వేరే కాడ కిరాయికి చూసుకో."

"ఉబేద్ భాయ్, జర ఆగుండ్రి" అని సుఘ్రా తడిచేతులతోనే అడ్డం వచ్చింది. తర్వాత భర్త వైపు తిరిగింది. "నోరు తెరువు. అన్నకు చెప్పకపోతే నాకన్న చెప్పు. నలభై దినాల సంది నీ తరఫున నేను మాటలు పడుతున్న. ఏం జరిగిందో తెల్వకుండ ఎంతకని పడాలె?"

షుజాత్ గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

"గనంటే గుహ గాదు భాయీజాన్. ఏటి ఒడ్డున పైమట్టి తీస్తే అడుగున గులకరాళ్లుంటయి. అవి కడిగితే వజ్రాలు దొరుకుతయి. ఆ పైమట్టి తీసుడే నా పని. పైమట్టంటే ఏంది? వాళ్ల పొలాలు, వాళ్ల చెట్లు. ఏరు ఎర్రగైంది, చాపలు సచ్చినయి. గుంతలల్ల నీళ్లు నిలిచి ఇంటికొకరు జరంతోని పడ్డరు. దవాఖాన లేదు. వరి పండించుకున్న ఊరు, మన దేశం కెళ్లి ఓడల పోయిన బియ్యం కొనుక్కొని తినవట్టె. వజ్రాలేమో చిన్న సంచిల, హెలికాప్టర్‌ల పోతుండె. ఆ దేశానికి ఏం మిగిలిందంటే, గుంతలు మిగిలినయి."

"దానికీ అమ్మీకీ ఏంది?" అన్నాడు ఉబేద్.

"వాళ్లు గూడ మనోళ్లే. జుమ్మాకు వాళ్ల పక్కన నిలబడే నమాజ్ చదివేటోణ్ణి. బిన్తూ అని ఒక ముసలామె నాకోసం కర్రపెండలం ఉడకబెట్టి తెచ్చి, గడప కాడ నిలబడి సలాం చెప్పేది. ఒకనాడు ఊరి ఖబ్రస్తాన్ కింద రాళ్లు మంచిగున్నయన్నరు. ఖబ్రులు వేరే కాడికి మారుస్తమని ఊరిపెద్ద తోని సంతకం పెట్టించుకున్నరు. మార్చలే. నన్ను పొక్లెయిన్ బకెట్ దించుమన్నరు. బిన్తూ వచ్చి మిషన్ ముంగట కూసున్నది. రెండు చేతులల్ల మట్టి పట్టుకొని నా దిక్కే చూసింది. కావలోళ్లు ఆమెను ఎత్తి పక్కకు జరిపిన్రు."

అతను గోళ్ల సందులు గీరుకుంటూ చెప్పాడు.

"నేను దించిన భాయీజాన్. శవాలకు చుట్టిన కఫన్ గుడ్డ పీలికలు బకెట్ పండ్లకు చుట్టుకున్నయి. అమ్మీకి మట్టి వేద్దామని వంగిన. గవే చేతులు. ఈ చేతులతోని అమ్మీ మీద మట్టి ఎట్ల వెయ్యాలె?"

ఆమ్నా ఎప్పుడొచ్చిందో, మెట్ల మీదే గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"నౌకరీ ఇడిసిపెట్టి రావాల్సింది గదరా" అన్నాడు ఉబేద్ చివరికి.

షుజాత్ భార్య వైపు చూడకుండా ఉండటానికి తల ఇంకా దించుకున్నాడు. ఆ దించుకోవడం చూశాక సుఘ్రాకు పాత మాట ఒకటి గుర్తొచ్చింది. అతను ఆ గనిలో ఉండగా ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఇక్కడ ఉండలేను, వచ్చేస్తా సుఘ్రా అన్నాడు. ఆమె నవ్వింది. వచ్చి కూసుంటే పైన స్లాబు ఎవరేస్తరు అంది. అతను మళ్లీ ఆ మాటెత్తలేదు. నెల తిరక్కుండా స్లాబు పడింది. ఇప్పుడు ఈ నలుగురూ ఉన్నది ఆ పై వాటాలోనే.

"వస్తా అన్నడు" అంది సుఘ్రా. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "నేనే వద్దన్న. ఇల్లు పూర్తయ్యేదాక ఆగుమన్న. ఎందుకు వస్తనంటున్నవని ఒక్కమాట అడగలే. ఆయన ఒక్కడే దించలే ఆ బకెట్, నేను గూడ దించిన."

ఆమె భోరున ఏడ్చింది. షుజాత్ గాభరాగా లేచి, నీకేం తెలుసు, నీ తప్పు కాదు అంటూ ఆమె చేయి పట్టుకోబోయి, మళ్లీ చేయి వెనక్కి తీసుకున్నాడు. సుఘ్రానే ఆ చేతిని లాక్కుని పట్టుకుంది. ఉబేద్ కిందికి దిగిపోయాడు.

మధ్యాహ్నం కింది హాల్లో భోజనాలకు దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచారు. బగారా అన్నం, దాల్చా, అత్తగారికి ఇష్టమైన ఖీర్ తెచ్చి పెట్టారు. చుట్టాలు నిండిపోయారు. షుజాత్ గుమ్మం పక్కన, ఎవరి కంటా పడకుండా కూర్చున్నాడు. మౌల్వీ సాబ్ ఎవరెవరి పేరిట చదవాలని అడిగితే ఉబేద్ తల్లి పేరు, తండ్రి పేరు చెప్పి ఆగాడు.

"షుజాత్, ముంగటికి రా. ఆ ఊరి ఖబ్రులల్ల పండుకున్నోళ్ల పేర్లు గూడ చెప్పు."

చుట్టాలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. షుజాత్ లేచి వచ్చి అన్న పక్కన కూర్చున్నాడు.

"బిన్తూ పెనిమిటి పేరు మూసా. బిడ్డ పేరు కాదియా. మిగిలినోళ్ల పేర్లు తెల్వదు భాయీజాన్. నలభై ఖబ్రులకు పైనే ఉండె."

"ఊరి పేరు చెప్పు. అల్లాకు తెలుసు ఎవరెవరో."

"కొంబాయా."

మౌల్వీ సాబ్ ఆ పేరు ఒకసారి తడబడి, రెండోసారి సరిగ్గా పలికాడు. లోపలి గదిలో ఆడవాళ్ల మధ్య సుఘ్రా చేతులెత్తింది. ముఖం కూడా తెలియని ఒక ముసలామెను మనసులో క్షమాపణ అడిగింది.

ఫాతెహా ముగిశాక అందరూ పళ్లేల దగ్గరికి జరుగుతుంటే ఉబేద్ తమ్ముడి భుజం మీద చేయి వేశాడు.

"సాయంత్రం నాతోని రా. మట్టి ముట్టకు, ఏం జెయ్యకు. ఊకె నా పక్కన నిలబడు, చాలు. అమ్మీ చూసుకుంటది."

షుజాత్ అన్న ఒడిలో తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అంతమంది చుట్టాల్లో ఎవరూ ఎందుకని అడగలేదు.