కృప కళ్ళు చెప్పిన తేదీ

డిసెంబరు పన్నెండు, శుక్రవారం. ఉదయం 7.20కి బందరు కాలవలో కృప శవం దొరికింది.

అంతకు గంట ముందే, 6.15కి, ఆమె ఫోన్ నుంచి ఇంట్లోవాళ్ళ వాట్సాప్ గ్రూపుకి వీడియో వచ్చింది. "ఈ కళ్ళతో బతకలేను. నా చావుకి ఎవరూ బాధ్యులు కారు."

ఆత్మహత్యేనని పటమట పేటంతా తేల్చేసింది. సంఘపెద్ద మరియదాసు ఇంకోటి కూడా తేల్చాడు. ప్రాణం తీసుకున్నవాళ్ళకి చర్చి సమాధుల తోటలో చోటు లేదు. కృప తల్లి అమలమ్మ మార్చురీ మెట్ల మీద కూలబడింది.

భర్త ఎలీషా వచ్చినవాళ్ళందరికీ భార్య మంచితనం చెప్పి ఏడుస్తున్నాడు. చచ్చినవారి కళ్ళు చారెడు మరి. బతికుండగా ఆ కళ్ళనే మెల్లకళ్ళని వెక్కిరించాడు.

సీఐ మనోజ్ఞ వీడియోని నాలుగుసార్లు చూసింది. అమలమ్మ పక్కన కూర్చుంది.

"కళ్ళకి ఏమైందమ్మా?"

"థైరాయిడ్ అండీ. జనవరిలో మొదలైంది. ఒకటి రెండుగా కనపడేది. పోనుపోను కుడికన్ను కిందకి దిగిపోయింది. గడ్డం పైకెత్తితేగానీ మనిషి ఒకటిగా కనపడడు."

"ఆపరేషన్?"

"కన్ను కుదురుకున్నాక చేస్తామన్నారు. ఈ సోమవారానికి రాశారండీ. నిన్న ఫోన్‌లో ఎంత నవ్విందో!"

మధ్యాహ్నం 3.40. స్టేషన్‌లో ఎలీషా, అతనికి తోడొచ్చిన మరియదాసు కూర్చున్నారు. టేబుల్ మీద కంటి ఆసుపత్రి కేస్ షీట్ ఉంది.

"వీడియో ఎప్పటిది?" అడిగింది మనోజ్ఞ.

"ఇవాళ పొద్దుటిదే మేడమ్. నేను లేచేసరికి మంచం మీద లేదు," అన్నాడు ఎలీషా.

"ఈ షీట్‌లో కన్ను కిందకి దిగిన కొలత ఫిబ్రవరిలో ఎనిమిది. ఏప్రిల్‌లో పద్నాలుగు. జూన్‌లో ఇరవై రెండు. ఆపైన ఆరునెలలు కదల్లేదు. అందుకే ఆపరేషన్‌కి ఒప్పుకున్నారు. వీడియో చూడు. గడ్డం దించే ఉంది. కన్ను కాస్తే దిగింది. ఇది ఫిబ్రవరి నాటి కృప. డాక్టరు కూడా అదే రాసిచ్చారు."

మనోజ్ఞ ఫోన్ ఎలీషా ముందుకి జరిపింది.

"అప్పుడు చావాలనిపించి తీసి నీకు పంపింది. నువ్వు దాచి, ఇవాళ ఆమె ఫోన్ నుంచి గ్రూపులో పెట్టావు. అవునా?"

"కళ్ళు బాగైతే ఉద్యోగంలో చేరి, నన్ను వదిలేసి పోతానంది మేడమ్."

వాకింగ్ అని గట్టు మీదికి తీసుకెళ్ళి తోసేశానని ఒప్పుకున్నాడు. పెళ్ళాం కన్నీళ్ళని పది నెలలు దాచుకుని వాడుకున్న దుర్మార్గుడు.

మరియదాసు బయటికొచ్చి, స్టేషన్ మెట్ల మీద కూర్చున్న అమలమ్మ ముందు గొంతు సవరించుకున్నాడు. "హత్యే కాబట్టి అభ్యంతరం లేదమ్మా. తోట గేటు తీయిస్తాను."

"వద్దండీ," అంది అమలమ్మ. "ఆ కళ్ళు చూసి చర్చిలో నా బిడ్డ చాప మీద ఒక్కరూ కూర్చోలేదు. మా అన్న పొలం గట్టున పెట్టుకుంటా. మీ చోటు మీరే ఉంచుకోండి."