మూడో గుంట గట్టు మీద

చిట్టమూరు దాటి తూర్పుకి పోతే, వరి మళ్ళు అయిపోయి ఉప్పు వాసన మొదలయ్యే చోట మా మరిది నరేంద్రబాబు రొయ్యల గుంటలు ఉన్నాయి. నాలుగు గుంటలు, వాటి నడుమ మట్టి గట్లు, ఒక కాపలా షెడ్డు, దాని పక్కన గులాబీ రంగు వేసిన చిన్న మేడ. ఆ మేడకి ఆయన పెట్టుకున్న పేరు గెస్ట్ హౌస్. కిటికీ తీస్తే మేత కంపు, మూస్తే ఉక్కపోత. పోయిన వానాకాలంలో నా చెల్లెలు సాయిలక్ష్మికీ, దాని కూతురు ప్రత్యూషకీ తోడుగా నేను అక్కడ ఉండాల్సి వచ్చింది.

నా పేరు వనజాక్షి. నాయుడుపేటలో బట్టల కొట్టు పెట్టుకుని బతుకుతున్నదాన్ని. దెయ్యాలంటే నాకు చులకన. మా మరిదంటే అంతకన్నా చులకన.

ప్రత్యూషకి పదేళ్ళు. వినాయక చవితి వెళ్ళాక దానికి జ్వరం వచ్చింది. బళ్ళో పిల్లలందరికీ వచ్చిన వైరల్ జ్వరమే. దగ్గు, ఒళ్ళు నొప్పులు, వారం తిరక్కుండా తగ్గిపోయింది. హమ్మయ్య అనుకున్నాక అసలు సంగతి మొదలైంది. పిల్ల మెట్లెక్కలేక మధ్యలో కూర్చునేది. ఎదలో బరువుగా ఉందనేది. ఒకరోజు అన్నం తింటూ తింటూ మొహం పాలిపోయి పక్కకి ఒరిగిపోయింది. నెల్లూరులో పిల్లల డాక్టరు గుండెకి ఎకో స్కాన్ తీయించి, రక్త పరీక్షలు చేయించి చెప్పాడు. జ్వరం పోయినా ఆ వైరస్ వల్ల గుండె కండరానికి వాపు వచ్చింది. చాలామంది పిల్లలకి మళ్ళీ మామూలైపోతుంది. కానీ తాను మళ్ళీ పరీక్ష చేసి సరేననేదాకా, కొన్ని నెలల పాటు పరుగులు లేవు, ఆటలు లేవు, గెంతులు లేవు.

"పైకి బాగానే ఉంది గదా అని వదిలేస్తారు చూడండి, అప్పుడే ప్రమాదం" అని నొక్కి చెప్పాడు.

ఆయన చెబుతున్నంతసేపూ నరేంద్రబాబు సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు.

ఆయన సంగతి చెప్పాలి. ఇస్త్రీ తెల్లచొక్కా, మెళ్ళో ప్లాస్టిక్ పులిగోరు. నాలుగు పంటలు రొయ్యలు బాగా వచ్చేసరికి ఆయనకి అన్నీ తెలిసిపోయాయి. వైద్యం తెలుసు, రాజకీయం తెలుసు, తుపాను ఎక్కడ తీరం దాటేదీ తెలుసు. తెలియంది ఒక్కటే, నోరు మూసుకోవడం. ఆస్పత్రి నుంచి కారులో వస్తుంటే మొదలుపెట్టాడు.

"పదేండ్ల బిడ్డకి గుండె జబ్బేంది వదినా? మా వంశంలో యాడా లేదు."

"వైరస్సు వంశాన్ని అడిగి రాదు నరేంద్రా" అన్నాను.

నవ్వాడు. ఆడవాళ్ళు మాట్లాడినప్పుడు ఆయన నవ్వే నవ్వు ఒకటుంది.

ఆయన బాధ పిల్ల గుండె గురించి కాదు. బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో, "పాపకి హార్టు ప్రాబ్లమంట గదా?" అని అడిగారు. అది ముల్లులా గుచ్చుకుంది. గుండె జబ్బు పిల్లని పేరు పడితే రేపు దాన్ని ఎవడు చేసుకుంటాడని ఇప్పటినుంచే దిగులు. సముద్రపు గాలికి బాగుపడుతుందని చెప్పి మమ్మల్ని గుంటల దగ్గర దించాడు. నలుగురి కంటా పడకుండా దాచిపెట్టాడని నా చెల్లెలికి అర్థం కాలేదు. దానికి మొగుడి విషయంలో ఎప్పుడూ ఏదీ అర్థం కాదు.

గుంటల్లో పగలూ రాత్రీ ఏరియేటర్లు తిరుగుతుంటాయి. నీళ్ళని చిలికి గాలి కలిపే చక్రాలవి. అవి ఆగితే రొయ్యలకి ఊపిరాడదు. ఆ చప్పుడు మొదట తల దిమ్మెత్తిస్తుంది, తర్వాత వినపడడం మానేస్తుంది. కొంగలు, నీటికాకులు గుంటల చుట్టూ గుంపులుగా కాచుకుని ఉండేవి. మూడో గుంట మీద మాత్రం ఒక్క పిట్టా వాలేది కాదు.

"అక్కడ వాలవేం లాజరస్సూ?" అని కాపలా మనిషిని అడిగాను.

లాజరస్ తలెత్తలేదు. "వాలవమ్మా. పోయినేడు వానల కాడి నుంచి వాలవు" అన్నాడు. అంతే.

నరేంద్రబాబు దానికి కూడా పొంగిపోయాడు. "నా గుంటంటే కొంగలక్కూడా భయం వదినా!"

ఆ రోజు బంగాళాఖాతంలో వాయుగుండం. పొద్దున్నుంచి వాన రాలేదు, గాలీ లేదు. సాయంత్రం కాకముందే మబ్బు కిందికి దిగి, గుంటల నీళ్ళు సీసం రంగుకి తిరిగాయి. సాయిలక్ష్మి వంటింట్లో ఉంది. నేను మిద్దె మీద ఆరేసిన బట్టలు తీస్తున్నాను. కింద నరేంద్రబాబు గొంతు వినపడింది.

"ఆ చివరిదాకా పరిగెత్తి రామ్మా. ఒక్కసారి. నవ్వతా పరిగెత్తాల. నేను వీడియో తీస్తా."

మూడో గుంట గట్టు మొదట్లో ప్రత్యూష నిలబడి ఉంది. ఆయన ఎదురుగా ఫోన్ పట్టుకుని ఉన్నాడు. గ్రూపులో పెట్టాలి కాబోలు.

"డాక్టరంకుల్ వద్దన్నాడు నాన్నా."

"డాక్టరుకేం తెలుసు? నువ్వు నా బిడ్డవి. పరిగెత్తు."

"ఎదలో నొప్పి వస్తాది..."

"రాదు. బిన్నా పరిగెత్తు, వెలుతురు పోతా ఉంది."

బట్టలు అక్కడే పడేసి, "నరేంద్రా!" అని అరిచి మెట్లు దిగాను. నేను షెడ్డు దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయింది.

ఏరియేటర్లు ఒక్కొక్కటే మందగించి ఆగిపోయాయి. అన్నాళ్ళుగా చెవులకి అలవాటైన చప్పుడు ఆగేసరికి, ఆ నిశ్శబ్దం ఒంటి మీద తడిగుడ్డ కప్పినట్టుంది. కొంగలన్నీ ఒక్కసారిగా లేచి పడమటికి పోయాయి. కూయలేదు. రెక్కల చప్పుడు మాత్రమే.

అప్పుడు వాసన వచ్చింది. బురద వాసన కాదు, మేత వాసనా కాదు. జ్వరం దిగుతున్న పిల్లల మెడ దగ్గర వచ్చే పులిసిన చెమట వాసన. తల్లులందరికీ తెలిసిన వాసన. ప్రత్యూష నాకు ఇంకా దూరంలో ఉంది. ఆ వాసన నా పక్కనుంచి పోయింది.

టణ్... టణ్...

స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టినట్టు. పిట్టల్ని తోలడానికి కొట్టినట్టు. రెండు గబగబా... ఒకటి ఆగి... మళ్ళీ రెండు. ఆ కొట్టడంలో తాళం లేదు. వింటుంటే నా గుండె కూడా గతి తప్పింది.

ప్రత్యూష ఒక అడుగు వేసింది. రెండో అడుగు వేయలేదు.

దాని ముందర గట్టు మీద ఒక ఆడపిల్ల నిలబడి ఉంది. వీపు నావైపు. పన్నెండేళ్ళుంటాయేమో. తడిసి ఒంటికి అంటుకున్న గౌను, చేతిలో పళ్ళెం. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఊపిరి అందనప్పుడు పిల్లలు భుజాలతో ఊపిరి లాగుతారు చూశారూ, అలా. ఆ పిల్ల రెండు చేతులూ చాపి దారికి అడ్డంగా నిలిచింది. ప్రత్యూష ఆమె మొహంలోకి చూసి, నెమ్మదిగా గట్టు మీద చతికిలబడి కూర్చుంది. ఏడవలేదు. భయపడినట్టు కూడా లేదు.

నేను పోయి దాన్ని ఒళ్ళోకి లాక్కున్నాను. దాని ఎద మీద చెయ్యి పెడితే కొట్టుకుంటూనే ఉంది. నిదానంగానే ఉంది.

నరేంద్రబాబు ఫోన్ దించాడు. "ఎవుర్తివే నువ్వు? లాజరస్సూ! ఎవురి బిడ్డరా ఇది?"

ఆ పిల్ల ఆయన వైపు తిరిగింది. నాకు కనపడింది ఆయన మొహం మాత్రమే. అందులోంచి రంగు కారిపోయింది.

"పరిగెత్తు సారూ..."

గుసగుస. ఊపిరి మధ్య ఇరికించి అన్నట్టు.

ఆయన నవ్వబోయాడు. అదే నవ్వు. అది పూర్తికాకముందే కుడికాలు ముందుకు పడింది. తర్వాత ఎడమ కాలు. ఆ పిల్ల పళ్ళెం కొడుతూ ముందు పరిగెత్తుతోంది. ఆయన వెనక. బురదలో ఆయన పాదాలు ధబధబమంటున్నాయి. ఆమె పాదాలకి చప్పుడు లేదు.

గుంట చుట్టూ ఒక చుట్టు తిరిగారు. ఫోన్ ఎక్కడో నీళ్ళలో పడింది. రెండో చుట్టులో ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"వదినా... పట్టుకో... కాళ్ళు... ఆగడం లేదు..."

నా ముందునుంచే పోయాడు. చెయ్యి చాపితే అందేంత దగ్గర. నోరు తెరుచుకుని ఉంది. ఎదని గుప్పిట్లో పట్టుకుని ఉన్నాడు. నేను చెయ్యి చాపలేదు. జాలి కలగలేదు. నిజం చెప్పాలంటే ఇంకో చుట్టు చూడాలనిపించింది. పదేళ్ళ పిల్లని ఫోన్ ముందు పరిగెత్తించబోయిన మనిషి. ఆయాసమంటే ఏమిటో చూడనీ అనుకున్నాను.

టణ్ టణ్... టణ్... టణ్ టణ్...

జనరేటరు వేయడానికి వచ్చిన లాజరస్ షెడ్డు గుమ్మంలో ఆగిపోయి ఉన్నాడు. చివరికి నేనే అన్నాను, "లాజరస్సూ, పోయి పట్టుకో, చచ్చేట్టున్నాడు."

అప్పుడే నరేంద్రబాబు బోర్లా పడ్డాడు. మొహం బురదలో, కాళ్ళు ఇంకా కొట్టుకుంటున్నాయి.

"నాటకాలమ్మా" అన్నాడు లాజరస్. గొంతు పెంచకుండా. "లేస్తాడు."

నేను లాజరస్ వైపు తిరిగాను.

"నా బిడ్డ ఎస్తేరు ఈడనే పడినాది. పోయినేడు. ఇట్లాంటి జ్వరమే. తగ్గింది గదా అనుకున్నాం. ఎదలో నొప్పంటా ఉంటే, సారు పిట్టల్ని తోలమన్నాడు. పడిపోతే నాటకాలు, లేస్తాది అన్నాడు." చూపు గట్టు మీదే ఉంది. "నేను గూడా లేస్తాదనే అనుకున్నానమ్మా."

కరెంటు వచ్చింది. ఏరియేటర్లు ఒక్కుదుటున నీళ్ళు చిమ్మాయి. గట్టు మీద నరేంద్రబాబు ఒక్కడే ఉన్నాడు. లాజరస్ పోయి ఆయన్ని మేత బస్తాలా భుజాన వేసుకుని తెచ్చి కారులో పడుకోబెట్టాడు. తర్వాత షెడ్డులోకి పోయి గుడ్డల మూట తీసుకుని, ఎవరికీ చెప్పకుండా ఊరి దారి పట్టాడు. మళ్ళీ రాలేదు.

మా మరిది చావలేదు. నెల్లూరు పెద్దాస్పత్రిలో చాలా రోజులున్నాడు. గుండె కండరం వాచిందన్నారు. "ఈమధ్య జ్వరమేమైనా వచ్చిందా?" అని డాక్టర్లు మళ్ళీ మళ్ళీ అడిగారు. రాలేదు. జలుబు కూడా చేయలేదు.

ప్రత్యూషని మాత్రం నేను నాయుడుపేట తెచ్చుకున్నాను. డాక్టరు చెప్పినట్టే విశ్రాంతి, మందులు, వేళకి పరీక్షలు. ఎండాకాలం మొదట్లో ఎకో చూసి, వాపు పూర్తిగా పోయిందన్నాడు. ముందు నడక, తర్వాత నెమ్మదిగా ఆటలు అన్నాడు. ఆ కబురు చెప్పడానికి నెల్లూరులో వాళ్ళింటికి పోయాను. అంత మంచి మాట సాయిలక్ష్మికి ముందు చెప్పాను. ఏడ్చింది. ఏడవడం దానికి బాగా వచ్చు.

మధ్యాహ్నం. లోపలి గదిలో నరేంద్రబాబు పడుకుని ఉన్నాడు. సగానికి చిక్కిపోయాడు. పాత చీర చింపి తన కాళ్ళు తనే మంచం కోడుకి కట్టుకున్నాడు. దుప్పటి కింద పాదాలు ఆగకుండా ఆడుతున్నాయి. కుడి... ఎడమ... కుడి...

"పాప బాగుందంట" అన్నాను. "నీ దయ వల్ల కాదు."

ఆయన అది విననట్టే నా వైపు కళ్ళు తిప్పాడు. "నిద్ర పట్టదు వదినా. కండ్లు మూస్తే గట్టే. ఆ బిడ్డ ముందర పోతా ఉంటాది."

"పోనీ. నీ బిడ్డని పరిగెత్తకుండా ఆపింది గదా. నీ కన్నా దానికే బుద్ధుంది."

"మూడు దినాల నుంచి ఇంకో మనిషి గూడా పరిగెత్తతా ఉంది..."

"ఎవరు?"

"నా వెనకాల. పెద్దామె. చీర కుచ్చిళ్ళు దోపుకోని... రొప్పతా ఉంది... ఎవురో చూద్దామంటే తల తిరగడం లేదు."

"పిచ్చి ముదిరింది నీకు" అన్నాను. అలాంటి మనిషి దగ్గర ఇంకా కూర్చోవడం నాకే సిగ్గనిపించింది. లేవబోయాను.

పిక్కలు రెండూ బిగుసుకుపోయాయి. రెండు మూడు రోజులుగా నొప్పిగానే ఉన్నాయి. కొట్లో నిలబడి నిలబడి అనుకున్నాను. ఇప్పుడు అవి రాయిలా ఉన్నాయి, చాలా దూరం పరిగెత్తి వచ్చిన మనిషి పిక్కల్లా. నేను పరిగెత్తి పాతికేళ్ళు దాటింది. మంచం అంచు పట్టుకుని నిలబడ్డాను.

దుప్పటి కింద ఆయన పాదాలు ఆగిపోయాయి.

ఆయన నిద్రపోయాడు. నోరు తెరుచుకుని, పసిపిల్లాడిలా, హాయిగా. గదిలో ఫ్యాను తిరుగుతోంది. నేను కిందికి చూశాను. గచ్చు మీద నా కుడి మడమ నెమ్మదిగా పైకి లేస్తోంది.

నేను లేపలేదు.